ఒకవైపే తెరుచుకునే తలుపు

"ఎన్నారై అంటే మన ఆరో అంతస్తు వాళ్ళ అబ్బాయి కదమ్మాయ్? అతన్ని మార్చడమేమిటి, ఇంటికి ఆరువందలు వెయ్యడమేమిటి?" అన్నారు మా అత్తగారు.

"ఎన్నారై కాదత్తయ్యా, ఎన్నార్వీ. నాన్ రిటర్న్ వాల్వ్. ఒకసారి వెళ్ళిన నీళ్ళని మళ్ళీ వెనక్కి రానివ్వదు" అన్నాను, చేతిలో కొటేషన్ కాగితాలు సర్దుకుంటూ.

"మరి నేనూ అదే కదా అన్నాను! ఆ అబ్బాయీ అంతేగా. వెళ్ళాడు, వెనక్కి రాలేదు" అని చిక్కుళ్ళు ఒలుచుకోవడంలో పడిపోయారావిడ.

నవ్వొచ్చిన మాట నిజమే. కానీ ఆ సాయంత్రం నాకు నవ్వే ఓపిక లేదు. మా అపార్ట్‌మెంటు కమిటీలో ఆడవాళ్ళు ఒకరైనా ఉండాలని ఎవరో అనడం, "మీరెలాగూ రాస్తారు కదా, మినిట్స్ మీరే రాసెయ్యండి" అని అందరూ కలిసి నన్ను కుర్చీలో కూలేయడం జరిగిపోయింది. నవల రాయడం వచ్చినంత మాత్రాన నీళ్ళ పైపుల సంగతి రావాలని ఎక్కడుంది, మీరే చెప్పండి! నేను చదివింది బి.ఏ. పైపుకీ నాకూ ఉన్న సంబంధమల్లా పొద్దున్నే కుళాయి తిప్పడం, రాకపోతే వాచ్‌మన్‌ని కేకెయ్యడం.

మేముండేది మూసారాంబాగ్‌లో. స్టిల్టు మీద ఎనిమిది అంతస్తుల బిల్డింగు. మాది ఏడో అంతస్తు. గాలీ వెలుతురూ బాగుంటాయనీ, బాల్కనీలోంచి చూస్తే మెట్రో రైలు బొమ్మ రైలులా కనిపిస్తుందనీ ముచ్చటపడి కొనుక్కున్నాం. అంత ఎత్తు నుంచి దిగాల్సి వస్తే ఎలాగన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు. లిఫ్టుంది కదా!

ఈ ఎన్నార్వీ కథ మొదలైంది ఒక తులసి మొక్కతో.

మా గేటు పక్కన గోడకి ఎర్ర రంగు వేసిన ఇనప పైపు ఒకటి నాలుగు నోళ్ళతో బయటికి ఉంటుంది. ప్రతి నోటికీ ఒక మూత. ఎప్పుడైనా చూసినా, బట్టలారేసుకోవడానికి కూడా పనికిరాదని పట్టించుకునేదాన్ని కాదు. అందులో ఒక మూత చుట్టూ నీటిబొట్లు జారుతూ ఉండేవి. మా వాచ్‌మన్ పెళ్ళాం బుద్ధిమంతురాలు. పోయే నీళ్ళు పోనియ్యడమెందుకని దాని కింద ఒక తులసి కుండీ పెట్టింది. మొక్క ఎంత ఏపుగా పెరిగిందంటే, దీపం పెట్టే వేళకి రెండు మూడు ఇళ్ళ వాళ్ళు దళాలు కోసుకెళ్ళేవారు.

ఒకనాడు రెండో అంతస్తు పిన్నిగారి అన్నగారు వచ్చారు. ముప్ఫై ఏళ్ళు ఫైర్ సర్వీసులో చేసి రిటైరయిన మనిషి. లోపలికి అడుగు పెడుతూనే ఆ కుండీ ముందు ఆగిపోయారు. మేమంతా ఆయన్ని బాబాయిగారూ అంటాం.

"తులసి భలే ఉంది కదండీ బాబాయిగారూ" అన్నాను, సొంత మొక్కలా మురిసిపోతూ.

"మొక్క బాగానే ఉందమ్మా. మీ బిల్డింగే బాగాలేదు" అన్నారాయన.

ఆ తరవాత ఓ గంటసేపు స్టిల్టులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆయన చెప్పినదంతా మినిట్స్ పుస్తకంలోనే రాసుకున్నాను. మీకూ చెబుతాను. విసుక్కోకండి, ఇందులో మన వంటింటి సంగతులే ఎక్కువ.

చిన్నప్పుడు మా అమ్మకి ఇత్తడి కిరసనాయిలు స్టవ్ ఉండేది. పంపు కొట్టే రకం. కొట్టినకొద్దీ గాలి లోపలికి వెళ్ళేది కానీ, కిరసనాయిలు పంపులోకి వచ్చేది కాదు. ఎందుకు రాదో అప్పుడు తెలీదు. పంపు అడుగున చిన్న స్ప్రింగు, దాని చివర రబ్బరు బిళ్ళ ఉండేవట. గాలి తోస్తే తెరుచుకునేది, ఆగగానే మూసుకునేది. అది అరిగిపోయిన రోజున పంపు కాడ దానంతటదే పైకి లేచి, అమ్మ చెయ్యంతా కిరసనాయిలయ్యేది. కమ్మరి కొలిమి తిత్తిలో తోలు ముక్క చేసే పనీ అదే. బావిలో మోటారు పైపు చివర ఫుట్ వాల్వ్ చేసే పనీ అదే. ఒకవైపు తోస్తే తెరుచుకో, ఇంకోవైపు నుంచి తోస్తే మూసుకో. అంతే దాని చదువు.

మన ఒంట్లోనూ ఉన్నాయవి. గుండెలో నాలుగు. స్కూల్లో కవాటాలని బట్టీ పట్టాం. కవాటం అంటే తలుపేనని ఎవరూ చెప్పలేదు. కాళ్ళ సిరల్లోనూ ఉంటాయి. పైకి వెళ్ళే రక్తాన్ని కిందికి జారనివ్వవు. అవి బలహీనపడితే సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. మా అత్తగారి కాళ్ళకున్న జబ్బు అదే. దానికి మోకాళ్ళ నొప్పులు తోడు.

ఇక బిల్డింగు సంగతి. మా డాబా మీద మంటలార్పడానికని వేరే ట్యాంకుంది. 25,000 లీటర్లు. దాని పక్కన పంపు, నిమిషానికి 900 లీటర్లు తోసేది. అక్కణ్ణుంచి ఒక లావుపాటి పైపు అన్ని అంతస్తులూ తాకుతూ కిందికి దిగుతుంది. ప్రతి అంతస్తులోనూ ఎర్ర పెట్టెలో గొట్టం చుట్ట. పై అంతస్తులకి ట్యాంకు మరీ దగ్గర. పది మీటర్ల ఎత్తు నుంచి పడితే గానీ నీటికి కేజీ ఒత్తిడి రాదు. అందుకని పంపు తప్పదు.

"900 చొప్పున 25,000 ఎంతసేపొస్తుందమ్మా?" అన్నారు బాబాయిగారు.

లెక్కల్లో నేనెప్పుడూ వెనకబెంచీయే. ఫోన్లో కొట్టి చూస్తే 28 నిమిషాలు కూడా రాలేదు.

"అదీ కరెంటుండి పంపు తిరిగితే. అందుకే గేటు దగ్గర ఆ ఎర్ర నోళ్ళు. ఫైరింజన్ వచ్చి తన గొట్టాలు వాటికి తగిలించి కింది నుంచి నీళ్ళు పైకి తోస్తుంది. అప్పుడు రెండు తలుపులు సరిగ్గా ఉండాలి. ఒకటి గేటు దగ్గర. ఇంజన్ తోస్తే తెరుచుకోవాలి, మిగతా వేళల్లో మీ పైపులో నీళ్ళు బయటికి పోకుండా మూసుకుని ఉండాలి. అది మూసుకోవడం లేదు గనకే ఈ తులసి ఇంత బాగా పెరిగింది. రెండోది డాబా మీద పంపు పక్కన. మీ పంపు తోస్తే తెరుచుకోవాలి, ఇంజన్ కింది నుంచి తోసేటప్పుడు మూసుకోవాలి. మూసుకోలేదనుకో, ఇంజన్ తోసిన నీళ్ళు గొట్టంలోకి రావు. తిన్నగా మీ ట్యాంకులోకెళ్ళి పొర్లిపోతాయి. డాబా మీద వాన కురుస్తుంది, ఐదో అంతస్తులో మంట మండుతుంది."

ఆ మాట నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు బాబాయిగారినీ, ప్లంబర్నీ వెంటబెట్టుకుని డాబా ఎక్కాను. కమిటీ మెంబరుగా అదే మొదటిసారి. ప్లంబరు కుర్రాడు పైపు చూస్తూనే నాలిక కరుచుకున్నాడు.

"గిదేంది మేడం, నిలువు పైపుల పెట్టిన్రు? గీ రకం వాల్ అడ్డం పైపుల పెట్టాలె. లేకుంటే నీళ్ళు కిందికెల్లి మీదికి పొయ్యేకాడ పెట్టాలె. గిట్ల పెడితే లోపటి తలుపు ఎప్పటికి ఏలాడుకుంటనే ఉంటది."

బాబాయిగారు తల ఊపారు. అది స్వింగ్ రకం. లోపల పైన కీలు, కీలుకి వేలాడే గుండ్రటి పళ్ళెం. అడ్డం పైపులో అయితే తన బరువుతో తనే వచ్చి మూసుకుంటుంది. నీళ్ళు కిందికి దిగే నిలువు పైపులో పెడితే ఆ బరువే దాన్ని తెరిచి ఉంచుతుంది. ఎవరో ఒక వంపు ముక్క మిగుల్చుకుందామని అలా బిగించి పోయారు. వాల్వు ఒంటి మీద నీళ్ళు ఎటు పోవాలో బాణం గుర్తు పోతపోసి ఉంటుంది. పాపం బాణం సరిగ్గానే ఉంది, చోటే తప్పు.

పైమూత విప్పారు. బోరు నీళ్ళ సున్నం గార కీలు చుట్టూ గట్టిగా పేరుకుపోయింది. పళ్ళెం అంచున ఒక గులకరాయి, పైపుల మరలకి చుట్టే జనపనార ఉండ. ఇన్నేళ్ళుగా మా ఎనిమిది అంతస్తుల ధైర్యమంతా ఆ నార ఉండ మీద ఆధారపడి ఉందన్నమాట!

ఆ వచ్చే ఆదివారమే మీటింగు. నేను మూడు కొటేషన్లు పట్టుకెళ్ళాను. మా సెక్రటరీగారు మర్యాదస్తులు. "తప్పకుండా చేద్దాం మేడం, ముందు రంగులు వేయిద్దాం, వినాయక చవితి అవనియ్యండి" అన్నారు. ఒకాయన "ఇన్నేళ్ళల్లో ఏమీ కాలేదు కదండీ" అన్నారు. ఇంకొకరు "పాతదే కడిగి బిగించేస్తే పోలా?" అన్నారు. చందా 1,116 రాసిన వాళ్ళే 600 దగ్గర దగ్గుతున్నారు.

నాకు 2023 మార్చి 16 గుర్తొచ్చింది. సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆ సాయంత్రం ఆరుగురు పోయారు. అందరూ ఉద్యోగాలకి ఊళ్ళ నుంచి వచ్చిన ఇరవై దాటిన పిల్లలు. 2025 మే 18 గుర్తొచ్చింది. చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో తెల్లవారేసరికి ఒకే ఇంట్లో పదిహేడు ప్రాణాలు. అందులో ఎనిమిది మంది పిల్లలు. ఆ ప్రమాదాలకీ మా వాల్వుకీ ముడిపెట్టడం లేదు. ఒక్కో చోట ఒక్కో కారణం. కానీ ఆ రోజుల్లో రెండు రోజులు అన్నం సయించక, మూడోరోజున మరిచిపోయిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఆ సిగ్గు ఉంది చూశారూ, అది మీటింగులో చెప్పుకునేది కాదు.

నేనేమీ చెప్పలేకపోయాను. "వచ్చేవారానికి వాయిదా" అని మినిట్స్‌లో నా చేత్తోనే రాసి ఇంటికొచ్చాను.

జరిగిందంతా విని అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "లిఫ్టు పనిచెయ్యదా అప్పుడు?" అన్నారు.

"మంటలప్పుడు లిఫ్టు ఎక్కకూడదత్తయ్యా. మధ్యలో కరెంటు పోతే అందులోనే చిక్కుకుపోతాం, పొగ కూడా నిండుతుంది."

"అయితే పద. ఎంతసేపు పడుతుందో చూద్దాం."

వద్దన్నాను. మా వారు కూడా పేపరు పక్కన పడేసి వద్దన్నారు. ఆవిడ వింటేగా! కొంగు దోపుకుని, ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి మొదలుపెట్టారు. ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించి, అంతస్తుకొకసారి ఆగి, ఐదో అంతస్తులో కూర్చుని, మూడో అంతస్తులో మంచినీళ్ళు తాగి... కిందికి చేరేసరికి 22 నిమిషాలు. పట్టపగలు, వెలుతుర్లో, పొగ లేకుండా, ఎవరూ తోసుకోకుండా 22 నిమిషాలు.

ట్యాంకులో నీళ్ళు 28 నిమిషాలు కూడా రావు.

కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు రాస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "నిజంగా అలాంటి రోజొస్తే నువ్వు పిల్లల్ని తీసుకుని ముందు దిగిపో అమ్మాయ్. నేను వెనకాల మెల్లిగా వస్తాను. నాకోసం వెనక్కి రాకు" అన్నారు.

పందొమ్మిదేళ్ళ కాపురంలో పప్పులో ఉప్పు దగ్గర్నుంచి పట్టుచీర అంచు దాకా మేమిద్దరం పోట్లాడుకోని విషయం లేదు. ఆ మాటకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

మర్నాడు సెక్రటరీగారింటికి వెళ్ళి ఆ 22 అంకె ఒక్కటీ చెప్పాను. వాళ్ళమ్మగారికి ఎనభై రెండేళ్ళు. ఉండేది ఎనిమిదో అంతస్తు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఎల్లుండే పెడదాం మేడం మీటింగు" అన్నారు. ఆ మీటింగులో రంగుల మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక ఎంచుకోవడం. చీరల షాపులో అయితే నాకు తిరుగులేదు. వాల్వుల షాపులో కూడా సూత్రం అదేనని బాబాయిగారు ధైర్యం చెప్పారు. ముందు ఎక్కడ కట్టుకోవాలో తెలిస్తే ఏది కొనాలో తెలుస్తుంది. ఇంట్లో గీజరుకి పెట్టే తేలికపాటి ఇత్తడి ముక్క ఇక్కడికి పనికిరాదు. పైపు ఎంత వెడల్పో వాల్వూ అంతే ఉండాలి. మాది నాలుగంగుళాలు. ఒత్తిడి ఎంత తట్టుకుంటుందో ఒంటిమీద రాసి ఉండాలి. మేం తీసుకున్నది 16 కేజీలది. పోత ఇనుము ఒళ్ళు, లోపల పళ్ళెం ఆనే అంచులు కంచువి. అంచులు తుప్పు పడితే తలుపు ఆనదు కదా. నీళ్ళ పైపులకి వాడే స్వింగ్ రకానికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 5312. ప్రమాణాల పుస్తకంలో దీన్ని రిఫ్లక్స్ వాల్వ్ అంటారు. బిల్లులో ఆ పేరుంటే కంగారు పడకండి. ఐఎస్ఐ గుర్తు చూసుకుని తీసుకోవాలి.

ఇంకో రకం కూడా చూపించారు. రెండు అరచందమామల్లాంటి రెక్కలు, మధ్యలో స్ప్రింగు. సన్నగా ఉంటుంది, చోటు తక్కువ పడుతుంది. స్ప్రింగుండటం వల్ల నీళ్ళు వెనక్కి తిరిగే లోపలే మూసుకుంటుంది. స్వింగ్ రకం ఒక్కోసారి ఆలస్యంగా వచ్చి దభీమని కొట్టుకుంటుంది, పైపంతా అదురుతుంది. కానీ ఆ రెక్కల రకాన్ని కడగాలంటే పైపులోంచి మొత్తం ఊడదియ్యాలి. స్వింగ్‌కి పైన మూత ఉంటుంది, నాలుగు బోల్టులు విప్పితే చాలు. మా బోరు నీళ్ళ గార తలుచుకుని డాబా మీదకి మూత రకమే తీసుకున్నాం. దాన్ని అడ్డం పైపులో, పంపుకి మరీ ఆనించకుండా, మూత తెరవడానికి పైన జాగా వదిలి బిగించారు. పంపు నోట్లోంచి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ వస్తాయి. మరీ దగ్గరైతే తలుపు టపటప కొట్టుకుని కీలు అరిగిపోతుందట. అటూ ఇటూ కట్టేసుకునే వాల్వులు రెండు పెట్టించాం, ట్యాంకు ఖాళీ చెయ్యకుండా కడుక్కోవడానికి. ఆ రెండూ తెరిచే ఉండేట్టు గొలుసులు వేసి తాళాలు. తాళంచెవులు సెక్రటరీగారి దగ్గర ఒకటి, మా ఇంట్లో దేవుడి గూట్లో ఒకటి.

పరీక్ష రోజున సగం బిల్డింగు డాబా మీదే ఉంది. అన్ని కుళాయిలూ కట్టేసి పంపు వేశారు. గేజీలో సూది నాలుగు దగ్గరకి లేచింది. పంపు ఆపారు. పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళకి కూడా అంత నిశ్శబ్దం చూడలేదు నేను. సూది జారిందంటే రెండు తలుపుల్లో ఏదో ఒకటి, లేకపోతే ఎక్కడో ఒక కుళాయి, సరిగ్గా మూసుకోలేదన్నమాట. పది నిమిషాలు. సూది కదల్లేదు. కింది నుంచి వాచ్‌మన్ కేకేశాడు. "అమ్మా! గేట్ కాడ సుక్క కూడా పడ్తలేదు!" తరవాత ఎనిమిదో అంతస్తులో గొట్టం విప్పి పంపు వేస్తే నీళ్ళు ఎదురు స్థలం గోడ దాకా వెళ్ళాయి. పిల్లలు తడిశారు, పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు.

కొన్నాం కదా అని మరిచిపోతే మళ్ళీ నార ఉండే గతి. అంచేత ఒక రిజిస్టరు పెట్టాను, చీటీల పుస్తకంలా. వారానికోసారి పంపు తిప్పి, ఆపి, సూది చూడాలి. నెలకోసారి గేటు దగ్గర మూతలు విప్పి చూడాలి. లోపల చెమ్మ ఉంటే తలుపు కారుతున్నట్టు. గుట్కా పాకెట్లూ చాక్లెట్ కాగితాలూ ఉంటే పిల్లల తల్లులతో మాట్లాడాలి. ఏడాదికోసారి పై అంతస్తులోనూ కింది అంతస్తులోనూ నీళ్ళు వదిలి చూడాలి. మా గార నీళ్ళకి ఏడాదికోసారే మూత కూడా విప్పి కీలు కడగాలని బాబాయిగారి ఆజ్ఞ. అమెరికా వాళ్ళ ఎన్ఎఫ్‌పీఏ నియమాల్లో ఇలాంటి వాల్వుల్ని ఐదేళ్ళకోసారి తప్పనిసరిగా లోపల చూడమని ఉందట. వాళ్ళ నీళ్ళు వాళ్ళవి, మన బోర్లు మనవి!

చదివేవాళ్ళలో ఎత్తయిన అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు చాలామందే ఉంటారు. ఈ ఆదివారం కూరల కోసం కిందికి దిగినప్పుడు గేటు పక్కన ఎర్ర నోళ్ళు ఒకసారి చూడండి. తడిగా ఉంటే మినిట్స్ రాసేవాళ్ళెవరో కనుక్కోండి. ఎవరూ లేకపోతే మీరే రాయండి. కాస్త తిట్టుకుంటారు, ఫరవాలేదు.

మా మూసారాంబాగ్‌కి ఆ పేరు ముస్యే రేమాన్ అనే ఫ్రెంచి దొర వల్ల వచ్చిందంటారు. నిజాం సైన్యంలో సేనాని అయ్యాడు. ముస్లిములు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. 1798లో ఇక్కడే పోయాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి ఇప్పటికీ ఉంది. ఆ సంగతి చెబితే మా అత్తగారు, "అయితే ఆయనా ఎన్నార్వీయేనన్నమాట" అన్నారు.

ఒక్కటే చిక్కొచ్చి పడింది. గేటు దగ్గర కారడం మానేసేసరికి వారం తిరక్కుండా తులసి వాడిపోవడం మొదలైంది. ఇప్పుడు మా అత్తగారు రోజూ సాయంత్రం లిఫ్టులో కిందికి దిగి దానికి ఒక చెంబు నీళ్ళు పోస్తున్నారు. వెళ్ళేటప్పుడు నాతో చెప్పే వెళ్తారు.

"వెళ్ళొస్తానమ్మాయ్" అంటారు. పాతకాలం మనిషి కదా, ఉత్తినే వెళ్తానని అనరు.